పట్నం బస్సెక్కే ముందు మన గల్లీ చూడండి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలేజీల విద్యార్థులకు, రూముల్లో ఉండి పరీక్షలకు చదువుతున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పిలుపు



మనది చదువుల ఊరు. 1959లో నెహ్రూ వచ్చి ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీకి పునాదిరాయి వేశారు. 2002లో అది నిట్ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ పుట్టింది కూడా ఆ 1959లోనే. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. ఆ వెనుక ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్, బీఎడ్, డిగ్రీ కాలేజీలు వచ్చాయి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ పల్లెల నుంచి పిల్లలు ఏటేటా ఇక్కడ దిగుతున్నారు. మూడు నాలుగేండ్లు ఉంటారు, సర్టిఫికెట్ చేతికి రాగానే పట్నం బస్సెక్కుతారు. ఈ ఊరు మనకు చదువు చెప్తుంది గానీ కొలువు ఇవ్వదని అందరం నమ్ముతున్నాం. ఆ నమ్మకాన్ని ఒక్కసారి పరీక్షకు పెట్టమని అడగడానికే ఈ కరపత్రం.

ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో నయీంనగర్, కిషన్‌పుర, భీమారం గల్లీల్లో నడిచి చూడండి. పరీక్షలు అయిపోయిన రూముల ముందు పరుపులు, బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, చదువుకునే బల్లలు, ఇంకా పనిచేసే టేబుల్ ఫ్యాన్లు, పంపు చెడిన కూలర్లు, కట్టలకొద్దీ పుస్తకాలు కనబడతాయి. కొన్ని పాత సామాన్ల బండికి కిలోల లెక్కన పోతాయి. కొన్నింటిని ఓనరు మీద వదిలేసి పోతారు. ఆయన వాటిని రోడ్డు మీద పెడతాడు, కార్పొరేషన్ బండి ఎత్తుకుపోతుంది. రెండు నెలలు గడుస్తాయి. కొత్త పిల్లలు దిగుతారు. అదే బకెట్టు, అదే బల్ల, అదే పరుపు, అన్నీ కొత్తవి కొంటారు. కూలికి పోయే తల్లిదండ్రులు ఫీజు కట్టి, రూము అడ్వాన్సు కట్టి, ఆ పైన సామాన్లకూ పైసలు తియ్యాలి.

ఇక్కడ ఒక వ్యాపారం ఉంది. జర లెక్క వేసి చూడండి. పాత పరుపు మూడు వందలకు కొన్నారనుకుందాం. మూడు రోజులు మే ఎండలో ఆరబెట్టి, నల్లుల మందు కొట్టించి, గల్లీలో మిషన్ కుట్టే అక్కతో కొత్త గలీబు కుట్టిస్తే ఇంకో రెండు వందలు. జులైలో ఏడెనిమిది వందలకు ఇచ్చినా కొన్న పిల్లవాడికి కొత్త పరుపు ధరలో చాలా మిగులుతుంది. కూలర్‌కు కొత్త పంపు, కొత్త గడ్డి వేయిస్తే చాలు. పుస్తకాలను సెమిస్టర్ల వారీగా, పరీక్షల వారీగా కట్టలు కట్టాలి. అసలు తెలివి సామాన్లను విడివిడిగా అమ్మడంలో లేదు. పరుపు, బల్ల, కుర్చీ, ఫ్యాను, బకెట్టు, మగ్గు అన్నీ కలిపి ఒక రూము సెట్టుగా ఒకే ధరకు ఇవ్వాలి. చదువు అయిపోయి తిరిగి అప్పజెప్పిన రోజు కొంత వాపసు ఇస్తామని రాసివ్వాలి. అప్పుడు వచ్చే ఏడాది సరుకు కోసం తిరగనక్కరలేదు, అది మీ గుమ్మంలోకే నడిచొస్తుంది. మరి రెండు నెలలు ఎక్కడ దాచాలి? ఆ రెండు నెలలు ఖాళీగా ఉండేవి ఆ రూములే. కిరాయి రాక ఎదురుచూసే ఓనరుతో మాట్లాడితే, సగం కిరాయికో, వదిలేసిన సామాన్లు ఎత్తుకుపోతామన్న మాటకో ఒక గది ఇస్తాడు.

ఒక్క హెచ్చరిక. నల్లులున్న పరుపు ఒక్కటి అమ్మితే ఆ మాట హాస్టల్ హాస్టల్‌కూ పాకుతుంది, మరుసటి జులైకి మీ దుకాణం ఉండదు. శుభ్రం చేయడమే ఈ పనిలో మీరు అమ్మే వస్తువు.

ఇలాంటి ఇబ్బందులు మన చుట్టూ చాలా ఉన్నాయి. కానీ ఇబ్బంది కనబడగానే అది వ్యాపారం అయిపోదు. మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ బాధకు ఇప్పటికే ఎవరు, దేని రూపంలో మూల్యం కడుతున్నారు? పైసలు పోతున్నాయా, పూట పోతుందా, ఒళ్లు పోతుందా? ఎవరూ ఏమీ కట్టని చోట మీరు పెట్టే దుకాణానికి ఎవరూ రారు. ఇప్పటికే కడుతున్న చోట, అంతకన్నా తక్కువ ఖర్చుతో, ఎక్కువ మర్యాదతో పని చేసి పెడితే ఎందుకు రారు?

దీనికి ఒక ఉదాహరణ. మీరు పట్నం పోయే రైలు కాజీపేట దాటాక జనగామ, ఆలేరు మీదుగా పోతుంది. ఆ ఆలేరు దగ్గరి శారాజీపేట నేతకుటుంబంలో పుట్టినవాడు చింతకింది మల్లేశం. బడి మధ్యలోనే మానేశాడు. వాళ్లమ్మ లక్ష్మి రోజూ ఆసు పోసేది. పోచంపల్లి తరహా చీరకు రంగు అద్దే ముందు నూలును మేకుల చుట్టూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పొయ్యాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి, గంటల తరబడి. భుజం కీలు, మోచేతి కీలు పట్టేసేవి. ఆ ప్రాంతంలో ఏ నేత ఇంట్లో చూసినా ఆడవాళ్లది ఇదే నొప్పి. తరతరాలుగా అందరూ చూశారు, ఇది మన రాత అనుకున్నారు. మల్లేశం మాత్రం ఏండ్ల తరబడి చేతిలోని పైసలన్నీ పోసి, నవ్వినవాళ్లను నవ్వనిచ్చి, 1999లో ఆసుయంత్రాన్ని తిప్పాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసుయంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మొదటి గిరాకీ ఎవరు? ఇరుగుపొరుగు నేతన్నలే. వాళ్లు జాలిపడి కొనలేదు. చెయ్యి పడిపోతే ఇంట్లో చీర ఆగిపోతుంది, ఆ నష్టం ఎంతో వాళ్లకు తెలుసు, అందుకే కొన్నారు.

ఇంకో మాట. 2005 దీపావళికి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన తెలంగాణ యువకుడు ఫణీంద్ర సామకు ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఏజెంట్ల చుట్టూ తిరిగినా ఏ బస్సులో సీటు ఖాళీ ఉందో చెప్పేవాడు లేడు. మరుసటి ఏడాది, 2006లో, స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టాడు. మనం గమనించాల్సింది మధ్యలో జరిగిన సంగతి. మొదట వాళ్లు బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు, యజమానులు అది మాకెందుకన్నారు. అప్పుడు వాళ్లే సీట్లు తీసుకుని టికెట్లు అమ్మడానికి దిగారు. తర్వాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వానికి ముఖ్య ఆవిష్కరణల అధికారిగా కూడా పనిచేశాడు. సమస్య నిజమైనదే అయినా, మనం ఊహించిన మందు జనానికి నచ్చకపోవచ్చు. అందుకే తయారుచేసే ముందు అడగాలి.

ఎలా అడగాలి? "అన్నా, ఇట్లాంటిది పెడితే తీసుకుంటవా?" అని అడిగితే మన ఊరివాళ్లు మర్యాదస్తులు, "ఎందుకు తీసుకోను తమ్మీ" అంటారు. ఆ మాట మీద పైసలు పెట్టకండి. "అన్నా, పోయినసారి ఈ తిప్పలు వచ్చినప్పుడు ఏం చేసినవ్? ఎవరి దగ్గరికి పోయినవ్? ఎంత ఖర్చయింది?" అని అడగండి. జరిగిపోయిన దాని గురించి చెప్పే మాటలో అబద్ధం తక్కువ ఉంటుంది. ఇరవై మందిని ఇలా అడిగి, ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటే అంతకన్నా మంచి మార్కెట్ సర్వే ఉండదు. వాళ్లలో ఐదుగురు అడ్వాన్సు చేతిలో పెడితే పని మొదలుపెట్టవచ్చు. ఎవరూ పెట్టకపోతే ఇంకో సమస్య చూసుకోవచ్చు, నష్టపోయింది ఒక వారమే.

మన చేతికి అందేంత దూరంలో ఏమున్నాయో కూడా చూడండి. హనుమకొండ నుంచి ఆటో ఎక్కితే కొత్తవాడ వస్తుంది. అక్కడ మగ్గాల మీద నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ ఇన్ని హాస్టళ్లు, ఇన్ని రూములున్న ఊరిలో పిల్లలు కింద పరుచుకునేది ఎక్కడినుంచో వచ్చిన ప్లాస్టిక్ చాప. జంపఖానా ఖరీదు కదా అంటారు. నిజమే. మరి ఒక్క మనిషి పడుకునే కొలతలో, ఉతకడానికి తేలికైన నూలుతో, పేరు నేసి ఇచ్చేది ఎంత పడుతుందని నేతన్నను అడిగినవాళ్లు మీలో ఎంతమంది? ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాట మిర్చి సంగతీ అంతే. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ, పచ్చళ్లకు పెట్టింది పేరు. 2025లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటి అన్నానికి మొహం వాచిన పిల్లలు ఇన్ని వేలమంది ఉన్న ఊరిలో, పొళ్లు, పచ్చళ్లు, పొద్దున సద్ది డబ్బా స్వశక్తి సంఘాల అక్కల చేతులతో చేయించి, లెక్కా, అమ్మకమూ మీరు చూసుకుంటే రెండు ఇండ్లు గడుస్తాయి. చిన్న ఆహార వ్యాపారమైనా ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి, అది మొదటి రోజే చేయించండి.

ఇక ఆస్పత్రి. ఎంజీఎంకు అడవి గూడేల నుంచి, ఏటూరునాగారం అవతలి నుంచి కూడా రోగులు వస్తారు. వెంట వచ్చినవాళ్లకు ఏ కౌంటర్ ఎక్కడుందో తెలియదు, కొందరికి తెలుగు కన్నా కోయ మాటే సులువు. సంచి ఎక్కడ పెట్టాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఫోన్‌లో ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి? వాళ్లు కూడా మూల్యం కడుతున్నారు, పోయిన కూలి రూపంలో. అయినా వాళ్ల దగ్గర రూపాయి తీసుకునే ఆలోచన మనకు రాకూడదు. పైసలు ఇంకోచోట ఉన్నాయి. సుబేదారిలో, నక్కలగుట్టలో, బాలసముద్రంలో ఎన్ని ఇండ్లలో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారు! పిల్లలు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో, పట్నంలోనో. నాన్నకు షుగర్ పరీక్ష, అమ్మకు కంటి ఆపరేషన్, బ్యాంకులో జీవన ప్రమాణ పత్రం. తోడు వెళ్లేవాళ్లు లేక వాయిదా పడుతుంటాయి. ఇంటికొచ్చి తీసుకెళ్లి, డాక్టర్ చెప్పింది రాసుకుని, మందులు కొనిపెట్టి, తిరిగి ఇంట్లో దింపి, పిల్లలకు ఫోన్ చేసి చెప్పే మనిషి దొరికితే వాళ్లు సంతోషంగా ఇస్తారు. నర్సింగ్, ఫార్మసీ, సోషల్ వర్క్ చదివేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి పని ఏముంది?

అయితే ఇది నమ్మకం మీద నడిచే పని. మీ గుర్తింపు కార్డుల కాపీలు పోలీస్ స్టేషన్‌లోనూ, ఆ ఇంట్లోనూ ఇచ్చి పెట్టండి. ప్రతి ఖర్చుకూ బిల్లు చూపండి. పెద్దవాళ్ల ఏటీఎం కార్డు, పిన్ నంబరు ఎప్పుడూ ముట్టుకోకండి, వాళ్లే ఇచ్చినా వద్దనండి. ఈ సంపాదన నిలదొక్కుకున్నాక వారంలో ఒక పూట ఎంజీఎం గేటు దగ్గర గూడెం నుంచి వచ్చినవాళ్లకు ఉచితంగా దారి చూపండి. నేర్చుకున్న పని అదే కాబట్టి దాన్ని అక్కడ చేయడం కష్టమేమీ కాదు.

కొన్ని సమస్యలను మాత్రం వ్యాపారం చేయకూడదు, ఇది గట్టిగా చెప్తున్నాం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో మన కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. నాలాల మీద కబ్జాలు, చెరువుల నుంచి పారే దారి మూసుకుపోవడం, ఇవి దుకాణం పెట్టి తీర్చేవి కావు. తాగునీరు, వీధిదీపం, మోరీ, బస్సు, సర్కారు ఆస్పత్రిలో మంచం, ఇవి పన్ను కట్టే మనిషి హక్కులు. వీటికి సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు పెట్టాలి. సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టమే చెప్తుంది. ఎక్కడ అడగాలో, ఎక్కడ చేయాలో తేడా తెలిసినవాడే ఊరికి పనికొచ్చే వ్యాపారి అవుతాడు.

అలాగే ఇప్పటికే ఆ పని చేసుకుని బతుకుతున్నవాళ్లను తోసేసి ముందుకు పోవద్దు. పాత సామాన్ల బండి అన్నకు ఏ గల్లీలో ఏ నెలలో ఏం దొరుకుతుందో మీకన్నా బాగా తెలుసు. అర్ధరాత్రి కాజీపేట జంక్షన్‌లో రైలు దిగిన ఆడపిల్లను హాస్టల్ దాకా క్షేమంగా దింపే ఆటో అన్నలు ఉన్నారు. వాళ్ల ఫోన్ నంబర్లు కలిపి ఒక వరుసలో పెట్టడమే ఒక సేవ అవుతుంది. వాళ్లను భాగస్తులుగా కలుపుకోండి, వాటా ఇవ్వండి. వాళ్ల కడుపు కొట్టి మనం పెట్టే కంపెనీ ఈ ఊరికి అక్కరలేదు.

పెద్దలారా, మీకూ ఒక మాట. 1934లో ఈ ఊరికి ఆజంజాహి మిల్లు వచ్చింది, వేలమందికి అన్నం పెట్టింది, మూతబడింది. అప్పటినుంచి ఇంకో పెద్ద మిల్లు వస్తుందని, వచ్చి మన పిల్లలందరినీ ఒకేసారి పనిలో పెట్టుకుంటుందని చూస్తూనే ఉన్నాం. 2017లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. రావాలి, అలాంటివి ఇంకా రావాలి. అవి పూర్తిగా నిలబడేదాకా మన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోవాలా? డిగ్రీ అయిపోయిన బిడ్డ ఒక ఏడాది ఇక్కడే ఉండి ఏదో పని మొదలుపెడతానంటే, "ఎప్పుడు సెటిలైతవ్" అని రోజూ అడగకండి. గ్రూప్స్ కోసం మూడేండ్లు రూము కిరాయి కట్టిన మనం, దీనికి ఒక్క ఏడాది ఇవ్వలేమా?

లెక్చరర్లారా! ఫైనలియర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొని, బైండింగ్ చేయించి, సంతకాలు పెట్టించుకునే అలవాటు మన కాలేజీల్లో ఎంత ముదిరిందో మీకు తెలియంది కాదు. ఈ ఏడాది మీ సెక్షన్‌లో ఒక్క బృందానికైనా ఊరి సమస్యనే ప్రాజెక్టుగా ఇవ్వండి. కూలర్‌కు నీళ్లు తక్కువ తాగే పంపు కావచ్చు, మెస్సులో మిగిలే అన్నం ఎంతో లెక్క కావచ్చు, బతుకమ్మ మరునాడు చెరువు గట్టున మిగిలే పూలతో ఏం చేయవచ్చో కావచ్చు. కాన్పూర్‌లో గంగలో కలిసే గుడి పూలను ఏరి అగరబత్తీలు చేసే సంస్థ పుట్టింది. భద్రకాళి అమ్మవారి గుడి దగ్గరా పూలకు కొదవ లేదు.

పైసల సంగతి. మొదట్లో అప్పు చేయకండి. అడ్వాన్సులతో, మీ చేతి పనితో, అద్దెకు తెచ్చిన బండితో మొదలుపెట్టండి. యాప్ అక్కరలేదు, వాట్సాప్ గ్రూపు, లెక్కల పుస్తకం చాలు. గిరాకీ నిలబడ్డాక చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ నమోదు చేసుకోండి. 2020 జులై నుంచి అది ఆన్‌లైన్‌లో ఆధార్‌తో పూర్తిగా ఉచితం, దానికి పైసలు అడిగే ఏజెంటుకు దండం పెట్టి వచ్చేయండి. ఆ తర్వాత అవసరమైతే 2015 నుంచి ఉన్న ముద్రా రుణాలకు బ్యాంకులో అడగవచ్చు, పది లక్షల దాకా తాకట్టు అడగకూడదు. ఏదైనా కొత్త పరికరం చేసినవాళ్లు ఉంటే, 2019లో మొదలైన ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమం గురించి జిల్లా కలెక్టరేట్‌లో కనుక్కోండి. మల్లేశం లాంటివాళ్లను లోకానికి చూపిన పల్లె సృజన సంస్థవాళ్లు విద్యార్థులను వెంటబెట్టుకుని ఊరూరా కాలినడకన చిన్న శోధయాత్రలు చేస్తారు. మనం మన గల్లీలోనైనా నడవలేమా?

కాబట్టి ఈ ఆదివారం రూములో నలుగురు కూడండి. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను పట్టుకుని మీ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. కిరాణా కొట్టు సేటును, మెస్సు అక్కను, హాస్టల్ వార్డెన్‌ను, ఇస్త్రీ బండి అన్నను, ఒంటరిగా ఉంటున్న ముసలమ్మను పలకరించండి. పోయిన నెల మిమ్మల్ని బాగా సతాయించిన పని ఏదని అడగండి, విన్నది విన్నట్టు రాయండి. వచ్చే ఆదివారానికి అందులో ఒక్కటి ఎంచుకోండి. ఆ ఒక్కటి ఒక్క ఇంటికి చేసి చూపించి, చేసిన పనికి పైసలు తీసుకోండి. ఓనర్లు ఖాళీ గది ఇవ్వండి, వ్యాపారులు ఖాతా రాయడం, బాకీ వసూలు చేయడం నేర్పండి, తల్లిదండ్రులు ధైర్యం చెప్పండి.

చదివాక ఈ కాగితాన్ని పారేయకండి. పక్క రూములో ఇవ్వండి, హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించండి, ఊరెళ్తున్న తమ్ముడి సంచిలో పెట్టండి.

ఇట్లు,
ఈ ఊరిలో చదువుకుని, ఈ ఊరిలోనే బతకాలనుకుంటున్నవాళ్లం